పేరు లేని చిట్టా

ఫోల్డరు ఖాళీగా ఉంది.

2019 అక్టోబరు 18, శుక్రవారం. గబ్బూరు రోడ్డు పక్కన ఒక జిన్నింగు మిల్లు ఆఫీసు గదిలో, లక్ష్మీదేవి పటం కింద, దూది నుసి పట్టిన సర్వరుకు కీబోర్డు తగిలించి కూర్చున్నాను. తెల్లవారుజామున డేటాబేసు పడిపోయిందని ఫోనొచ్చింది. కారణం లాగ్ ఫైల్లో రాసి ఉంటుంది, చదివితే అరగంటలో పని తెములుతుంది, మధ్యాహ్నం బాబాయింట్లో భోంచేసి సింధనూరు బస్సెక్కొచ్చు అనుకుంటూ వచ్చాను. తీరా చూస్తే లాగ్ ఫోల్డర్లో ఒక్క ఫైలు లేదు. నిన్నటిది లేదు, నెల కిందటిది లేదు. ఊడ్చి ముగ్గేసిన వాకిలిలా ఉంది.

బయట కాటా దగ్గర అప్పటికే ఐదు ట్రాక్టర్లు ఆగాయి. దసరా వెళ్ళి పది రోజులు. తొలి తీత పత్తి అప్పుడప్పుడే వస్తోంది. బీడీ ముట్టించుకోవడానికి రైతులు గేటు బయటికి పోయి, మళ్ళీ లోపలికొచ్చి నా వైపు చూస్తున్నారు.

"ఎంతసేపు పడుతుందిరా?" అన్నాడు బాబాయి.

"చూస్తున్నా బాబాయ్."

బాబాయి అంటే నాన్నకు వరసకు తమ్ముడు. తుంగభద్ర నీళ్ళు పారాక గుంటూరు వైపు నుంచి వచ్చి సింధనూరు చుట్టూ క్యాంపుల్లో స్థిరపడ్డ కుటుంబాలు మావి. నారాయణపుర కుడికాలువ వచ్చాక బాబాయి కృష్ణ వైపుకు, దేవదుర్గం తాలూకాకు మారాడు. కొన్నాళ్ళు కౌలు చేశాడు, ఆ తరవాత కమీషను వ్యాపారం, ఆ తరవాత మిల్లు. ఇంట్లో తెలుగు, కాటా దగ్గర కన్నడ, లెక్కల దగ్గర రెండూ కలిపి. రైతులకు విత్తనానికీ ఎరువుకీ ముందే డబ్బిచ్చి, పత్తి దిగినప్పుడు పట్టుకునేవాడు. కాబట్టి ఆ మిల్లుకు ప్రాణం రోలర్లలో లేదు, ఖాతాలో ఉంది. ఆ ఖాతాను కంప్యూటర్లోకి ఎక్కించింది నేనే, 2014లో.

అంతకుముందు అది ఒక ముసలి గుమస్తా చేతిలో ఉండేది. రాయచూరు మనిషి, నిజాం పాలనలో పుట్టినవాడు. ఆయన దగ్గర రెండు రకాల పుస్తకాలుండేవి. ఒకటి చిట్టా: పొద్దుటి నుంచి దీపాలు పెట్టేదాకా జరిగింది జరిగినట్టు, వరసలో. రెండోది ఆవర్జా: ఎవరి పేరున వాళ్ళ పేజీ, ఎవరి బాకీ వాళ్ళది. చిట్టాలో పడనిది ఆవర్జాకు ఎక్కకూడదు. ఆవర్జా తడిసినా చిరిగినా చిట్టా ముందేసుకుని మళ్ళీ రాసుకోవచ్చు. చిట్టా పోతే మాత్రం ఆవర్జాలో ఉన్నది నిజమో కాదో దేవుడే చెప్పాలి.

డేటాబేసు సర్వర్ల లోపల జరిగేది అచ్చం ఇదే అంటే ఆయన నమ్మలేదు. ఏ మార్పయినా ముందు చిట్టాలో రాసి, అది డిస్కు మీద పడ్డాకే పని పూర్తయిందని చెప్పాలి. అసలు పట్టికల్లోకి తీరిగ్గా ఎక్కించుకోవచ్చు. కరెంటు పోయి సగంలో ఆగితే, లేచాక చిట్టా తిరగేసి మళ్ళీ నడిపిస్తుంది. ఈ పద్ధతికి పక్కా శాస్త్రం కట్టి 1992లో ఏరీస్ అనే పేరుతో పత్రం అచ్చేసింది ఐబిఎంలో పనిచేసిన మన మద్రాసు ఐఐటీ మనిషి సి. మోహన్, ఆయన తోటివాళ్ళు. లావాదేవీల శాస్త్రానికి పెద్దదిక్కు, 1998లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న జిమ్ గ్రే. 2007 జనవరి 28న తల్లి అస్థికలు సముద్రంలో కలపడానికి శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఒంటరిగా పడవ మీద వెళ్ళాడు. ఆపద సంకేతం రాలేదు. పడవ ముక్క కూడా దొరకలేదు. జరిగింది రాసిపెట్టనిదే అడుగు వెయ్యొద్దని లోకానికి నేర్పినవాడి చివరి రోజు ఎక్కడా రాసిలేదు. సర్వర్లతో కాపురం చేసే వాళ్ళం ఆయన పేరు వచ్చినప్పుడు కాసేపు మాట్లాడం.

ఈ చిట్టా కాక సర్వరుకు ఇంకో రాత ఉంటుంది. అది మనుషులు చదువుకోవడానికి. ఎవరు లోపలికొచ్చారు, ఏ పని ఆలస్యమైంది, ఎక్కడ తప్పు పడింది. ఒంట్లో నలతగా ఉందని సర్వరు చెప్పుకునేది ఇందులోనే. ఆ పొద్దున ఖాళీగా కనబడ్డది ఈ రెండోదాని ఫోల్డరు.

సర్వరును లేపబోయాను. లేవనంది. తెర మీద ఒకే వాక్యం: లాగ్ ఫైలు తెరవలేను, అనుమతి లేదు. ఫోల్డరు యజమాని ఎవరా అని చూశాను. డేటాబేసును నడిపే పోస్ట్‌గ్రెస్ పేరుండాల్సిన చోట, సర్వరు మొత్తానికీ పెత్తందారైన రూట్ పేరుంది. దాని పక్కనే ఆ ఫోల్డరు చివరిసారి మారిన తేదీ: నవంబరు 27, 18:42. అంతకుముందు ఏడాది నవంబరు.

ఆ తేదీ చూడగానే కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టయింది. ఆ సాయంత్రం ఇదే కుర్చీలో కూర్చున్నది నేను.

2018 నవంబరులో కాటా తెర మీద బరువు పడటానికి నాలుగైదు సెకన్లు పడుతోందని బాబాయి పిలిపించాడు. ఏ ప్రశ్న దగ్గర నానుతోందో పట్టుకోవడానికి, వచ్చిన ప్రతి ప్రశ్ననూ లాగ్‌లో రాయమని సర్వరుకు చెప్పాను. వారం రాసింది. తప్పు దొరికింది, ఒక ఇండెక్సు వేస్తే సర్దుకుంది. ఇక వెళ్ళేముందు ఇల్లు శుభ్రం చేసి పోదామనిపించింది. లాగ్‌లు రెండు జీబీ పేరుకున్నాయి. లాగ్ ఫోల్డరును మొత్తంగా తుడిచేసి, అదే పేరుతో కొత్తది చేశాను. చేసినప్పుడు రూట్‌గా ఉన్నానన్న సంగతి గుర్తులేదు. అన్నీ రాయమన్న సెట్టింగు వెనక్కి తీయడం కూడా గుర్తులేదు.

"ఒకసారి ఆపి మొదలుపెడతా బాబాయ్."

"బళ్ళు కాటా మీదున్నాయిరా. ఇప్పుడు ఆపకు."

నేనూ పట్టుబట్టలేదు. బస్సు టైమైంది.

లినక్సులో ఫైలు వేరు, దాని పేరు వేరు. తుడిచెయ్యమంటే పోయేది పేరు. ఎవరైనా అప్పటికే ఆ ఫైలు తెరిచి పట్టుకుని ఉంటే ఒళ్ళు అలాగే ఉంటుంది. వాళ్ళు చెయ్యి వదిలినప్పుడే పోతుంది. పోస్ట్‌గ్రెస్‌లో లాగర్ అని ఒక చిన్న ప్రక్రియ ఉంటుంది, దాని పనల్లా రాయడమే. నేను దాని కాళ్ళ కింద నుంచి ఫోల్డరు లాగేసినప్పుడు అది ఆ రోజు ఫైలు పట్టుకుని ఉంది. పేరు పోయిన సంగతి దానికి తెలీదు. అర్ధరాత్రి దాటగానే మర్నాటి, అంటే బుధవారం, పేరుతో కొత్త ఫైలు తెరవబోయింది. ఫోల్డరు రూట్‌ది. అనుమతి లేదు. అలాంటప్పుడు అది ఏం చేస్తుందో, తరవాత ఇంటి దగ్గర ఇదే తప్పు కావాలని చేసి చూశాను: ఫైలు తెరవలేకపోయానని ఒక వాక్యం, ఇక నుంచి ఫైళ్ళు మార్చడం మానేస్తున్నానని ఇంకో వాక్యం రాస్తుంది. ఆ రెండూ కూడా పేరు పోయిన ఆ పాత ఫైల్లోనే రాస్తుంది. మర్నాటి నుంచి మళ్ళీ తన పని.

అలా 325 రోజులు రాసింది.

కాటా గదిలో, ఆఫీసులో, గోదాములో, గేటు దగ్గర నాలుగు కంప్యూటర్లు. సీజనున్నా లేకపోయినా వాటిని ఎవరూ కట్టేసేవాళ్ళు కారు. అవి సెకనుకు ఒకటి రెండుసార్లు బరువెంత, బరువెంత అని సర్వరును అడుగుతూనే ఉంటాయి. అడిగిన ప్రతిసారీ లాగర్ ఒక వరస రాసుకుంది. రోజుకు సుమారు 200 ఎంబీ. మిల్లులో ఎవరికీ కనబడని పుస్తకం రోజూ లావెక్కింది. 500 జీబీ డిస్కులో డేటాకు 100 జీబీ ఇచ్చి, మిగతాది రేపటికి పనికొస్తుందని ముట్టుకోకుండా ఉంచాను. అదో పిసినారి తెలివి.

మధ్యలో, 2019 మేలో, జీఎస్టీ రిపోర్టేదో మార్చడానికి వచ్చాను. డిస్కు ఎంత నిండిందని డీఎఫ్ కొట్టి చూశాను: 68 శాతం. సీజను బాగా నడిచింది కాబోలు అనుకున్నాను. ఫోల్డర్ల వారీగా లెక్కేసే డీయూ కూడా కొట్టి ఉంటే అది సగమే చూపేది. రెండు లెక్కలకూ తేడా ఎందుకొచ్చిందని ఎల్‌ఎస్‌ఓఎఫ్‌ను అడిగి ఉంటే, తుడిచేసినా తెరిచే ఉన్న ఫైలు ఒకటుందని చూపించేది. ప్రోక్ అనే ఫోల్డరు కింద దాని నంబరు పట్టుకుని కాపీ చేసుకుంటే అప్పటిదాకా పడిన ఆర్నెల్ల రాత చేతికొచ్చేది. లాగ్ ఫోల్డరు వైపు నేను చూడనే లేదు. పని చేస్తున్న సర్వరు లాగ్ ఎవరు చూస్తారు? పైగా ఆ రోజు బాబాయికి తెర చూపించి, "చూశావా, ఆర్నెల్లుగా ఒక్కసారి కూడా పడలేదు" అని గొప్పలు పోయాను. ఆయన వచ్చినవాళ్ళందరికీ అది చెప్పుకున్నాడు.

ఒక్కసారి పడినా బాగుండేది. ఆ యూపీఎస్ ఒక్క మధ్యాహ్నం చేతులెత్తేసి ఉంటే, తిరిగి లేచేటప్పుడు లాగ్ ఫోల్డరు దగ్గర అనుమతి లేదని మొండికేసేది, పది నిమిషాల్లో తప్పు బయటపడేది. దేవదుర్గం తాలూకాలో కరెంటు పోని రోజంటూ అప్పట్లో ఉండేది కాదు. కానీ మిల్లుకు మంచి జనరేటరుండేది.

అక్టోబరు 18 తెల్లవారుజామున జాగా అయిపోయింది. చిట్టా కొత్త పుస్తకానికి 16 ఎంబీ కావాలి, దొరకలేదు. చిట్టా రాయలేనప్పుడు డేటాబేసు ఇంకో బేరం చేయదు, ఉన్నపళంగా ఆగిపోతుంది. ఆ స్థితికి దాని భాషలో పేరు ప్యానిక్. తనంతట తాను లేవడానికి ప్రయత్నిస్తుంది, అందుకూ జాగా కావాలి. చివరికి ప్రక్రియలన్నీ ఒక్కొక్కటే వెళ్ళిపోతాయి. పెళ్ళివారంతా వెళ్ళాక పందిట్లో దీపం ఆర్పేవాడిలా లాగర్ అందరికన్నా వెనక పోతుంది. పోతూ ఫైలు వదిలేసింది. వదిలేసిన క్షణాన 65 జీబీ మాయమై, డిస్కు హాయిగా ఖాళీ అయింది. ఎందుకు చచ్చానో రాసిపెట్టిన కాగితం తన చావుతోనే కాలిపోయింది. నేను వచ్చేసరికి డిస్కు 35 శాతమే నిండి ఉంది.

యజమాని పేరు మార్చాను. సర్వరు లేచింది. చిట్టా తిరగేసుకుని, ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి మొదలైంది. కాటా కదిలింది. బాబాయి టీ తెప్పించాడు. ఇక్కడితో అయిపోతే ఇది రాయాల్సిన కథే కాదు.

టీ తాగుతూ కెర్నెల్ లాగ్ చూశాను. అది వేరే చోట ఉంటుంది, నాలుగు వారాలవి మాత్రమే దాచుకుంటుంది. డిస్కు చదవలేకపోతున్నానని మూలుగుతోంది. ప్రతి రాత్రీ, సరిగ్గా రెండు గంటలకు. రెండింటికి నడిచేది నేను పెట్టిన బ్యాకప్.

బ్యాకప్‌లు పడే యూఎస్‌బీ డిస్కు తెరిచాను. రోజుకో బ్యాకప్ ఫైలు, ఒక్క రోజూ తప్పకుండా ఉంది. ఫిబ్రవరి రెండో వారం దాకా ఒక్కోటి 90 ఎంబీ పైన. ఆ తరవాత అన్నీ 17. సర్వరు డిస్కు మీద ఖాతా పట్టిక ఉన్న చోట ఎక్కడో పుచ్చు పట్టింది. బ్యాకప్ అక్కడిదాకా వచ్చి తెగిపోతోంది. తెగినంతవరకూ వచ్చినదాన్ని గొట్టం అవతలి కొసన జిప్ ప్రోగ్రాము బుద్ధిగా కట్టకట్టి పెట్టింది. నా స్క్రిప్టు అడిగింది ఆ అవతలివాడినే: అంతా బాగేనా? బాగే, అన్నాడు. ఇవతల గొంతు తెగినవాడి మాట మాత్రం సర్వరు లాగ్‌లో పడుతూనే ఉండి ఉంటుంది. ఎనిమిది నెలలు, రాత్రికొకసారి, ఫలానా పేజీ చదవలేకపోయాను అని.

సర్వరు ఆపించి, డిస్కును ఉన్నదున్నట్టు ఇంకోదాని మీదికి ఎత్తడం మొదలుపెట్టాను. పది గంటలన్నా పట్టేలా ఉంది. ఆ గదిలో కూర్చోలేక ఊళ్ళోకి నడిచాను.

గబ్బూరు పాత ఊరు. మలె శంకరుడి గుడి, బంగారు బసప్ప గుడి, వేంకటేశ్వరుడు, హనుమంతుడు. పాడుబడ్డ కట్టడాలు, కోనేళ్ళు. కల్యాణి చాళుక్యుల కాలం నాటి శాసనాలు. ఒకప్పుడు ఇక్కడ చదువులు చెప్పేవారట. శాసనమంటే ఏముంది, దానం చిట్టాయే: ఏ రోజు, ఏ గ్రహణాన, ఎవరు, ఎవరికి, ఏ హద్దుల మధ్య ఎన్ని మత్తర్ల నేల. చివర శాపం. ఈ దానాన్ని హరించినవాడు అరవై వేల ఏళ్ళు అశుద్ధంలో పురుగై పుడతాడని. ఆ రోజుల్లో ఫైలుకు అనుమతులు అలా పెట్టుకునేవాళ్ళు. నాకు చదవడం రాదు. అరిగిన హళగన్నడ అక్షరాల మీద వేలు పెట్టి నడిపాను. వేలు ఒక చోట ఆగిపోయింది. అక్కడి నుంచి రాయి నున్నగా ఉంది. ఆ తరవాత ఊరు ఏమైందో ఆ రాయికి తెలియదు. ఊరు మాత్రం ఉంది. పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు, ఎవరో జొన్నరొట్టె తడుతున్న చప్పుడు వినబడుతోంది.

తిరిగొచ్చేసరికి కాపీ 31 శాతం దగ్గర నిలబడిపోయింది. డిస్కులోంచి టిక్, టిక్, టిక్. ఆ చప్పుడు విన్నవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

మర్నాడు దాన్ని తువ్వాల్లో చుట్టుకుని, పాడైన డిస్కుల్లోంచి డేటా తీసే ల్యాబుకని హైదరాబాదు బయల్దేరాను. రాయచూరు బస్టాండుకు దగ్గర్లోనే కోట. ఆ గోడలో 41 అడుగుల పైచిలుకు పొడవున్న ఒకే రాయి ఉంది, దాని మీద తెలుగు శాసనం, 1294 నాటిది. కాకతీయుల సామంతుడు గోన గన్నారెడ్డి తరఫున విఠలనాథుడు అదవాని, మానువ వంటి కోటలు పట్టి వచ్చి ఈ కోట కట్టించాడని ఉంటుంది. నాకు అందులో ఇష్టమైనది అక్షరాలు కాదు, పక్కన చెక్కిన బొమ్మ. అంత పెద్ద రాతిని బండి మీద వేసి పశువులను కట్టి లాక్కొస్తున్న దృశ్యం. తనను ఎలా తెచ్చి నిలబెట్టారో కూడా ఆ రాయి రాసిపెట్టుకుంది. ఒళ్ళో డిస్కు పెట్టుకుని బస్సు కిటికీలోంచి ఆ గోడ వైపు చూశాను.

ల్యాబువాళ్ళు చేతనైనంత తీశారు. స్కాన్ చేసిన పాత బిల్లులు వచ్చాయి. బాబాయి మనవరాలి పుట్టినరోజు ఫోటోలు వచ్చాయి, అవి అందులో ఎందుకున్నాయో మరి. ఖాతా రాలేదు. ఫిబ్రవరి నుంచి అక్టోబరు దాకా, అంటే సీజను చివరి చెల్లింపులు, జూన్ నుంచి విత్తనానికి, ఎరువుకు, మందుకు ఇచ్చిన ముందస్తు అంతా పోయింది.

తరవాతది చెప్పడానికి ఎక్కువ లేదు. కాటా చీటీ తెచ్చినవాళ్ళకు తెచ్చినట్టే చెల్లించాడు బాబాయి. చీటీ పోయిందన్నవాళ్ళకు ప్రమాణం చేయించి చెల్లించాడు. తను ఇచ్చిన అప్పులకు చీటీలు అవతలివాళ్ళ దగ్గర లేవు, ఇవతల కంప్యూటర్లో లేవు. చాలామంది నిజాయితీగానే చెప్పారు. ఒకామె కొంగుముడి విప్పి, మడతల్లో పిండైపోయిన కాగితం తీసి, తన బాకీ ఇంతని తనే చూపించింది. చెప్పనివాళ్ళూ ఉన్నారు. వాళ్ళకన్నా కష్టం, గుర్తులేనివాళ్ళతో. రెండు వేలా, మూడు వేలా? యూరియా రెండు బస్తాలా, మూడా? దీపావళికి ఊళ్ళో మాట పాకింది, ఆ మిల్లులో లెక్క లేదట అని. పత్తి రాయచూరు యార్డుకు మళ్ళింది. సంక్రాంతికి రోలర్లు ఒక పూటే తిరిగాయి. 2020 మార్చిలో దేశమంతా మూసుకుంది. ఆ ఏడాది చివర బాబాయి మిల్లు అమ్మి సింధనూరు వెళ్ళిపోయాడు. నన్ను ఒక్క మాట అనలేదు. ఒక్క ప్రశ్న మాత్రం అడిగాడు, అదీ చాలా రోజులకు, అన్నం తింటూ.

"అయితే ఆ పది నెలలూ అది రాస్తూనే ఉందంటావా?"

"రాస్తూనే ఉంది బాబాయ్."

ఇంకేం అనకుండా మజ్జిగ పోసుకున్నాడు.

మిల్లు చేతులు మారే ముందు రోజు సామాను సర్దడానికి వెళ్ళాను. గుమస్తా తాత వచ్చి వరండాలో కూర్చున్నాడు. కంప్యూటరు పెట్టిన ఏడాది ఆయన చిట్టాలన్నీ, ఇరవై ఏళ్ళవి, చిత్తుకాగితాలవాడికి అమ్మేశారు. మిల్లు కాటా మీదే తూచారు. ఆ రోజు ఆయన దగ్గరుండి తూకం చూసుకున్నాడని నాకు గుర్తు.

"ఏదన్నా రాసిపెట్టుకున్నావా తాతా, ఆ తరవాత? నీకోసమైనా?" అని అడిగాను. సిగ్గు విడిచి.

"లేదు తమ్మా. మిషనొచ్చింది కదా అని మానేశాను."

కాసేపు ఇద్దరం కాటా వైపు చూస్తూ కూర్చున్నాం. జరిగిందంతా చెప్పాను: పేరు పోయిన ఫైలు, పది నెలల రాత, ఒక్క క్షణంలో ఖాళీ అయిన జాగా. ఆయన శ్రద్ధగా విన్నాడు. మధ్యలో ఒకసారి, అన్నీ రాసిందా, అన్నాడు. అన్నీ, అన్నాను.

"మా చిట్టాలు ఎనభై రెండు కిలోలు తూగినాయి," అన్నాడు తాత. "మీదెంత తూగింది?"